నీళ్ల బిల్లులో రైతు భాగము

గండిపేట నీళ్లు త్రాగినవారు హైదరాబాదు విడిచి పోలేరని మా పట్టణమున నొక నానుడి గలదు. ఆ నీళ్లు త్రాగియే పెరిగి, ఆ నీళ్లతోనే సంసారము నడపి, ముప్పదియేండ్లు బాలికల పాఠశాలలో భూగోళశాస్త్రము బోధించిన నేను, నానుడికి విరుద్ధముగా నాలుగేండ్లు న్యూయార్కు నగరమున నుండవలసివచ్చినది. మా అమ్మాయియు అల్లుడును అక్కడ క్వీన్సు అను భాగమున కాపురమున్నారు. మనుమని పెంపకమే నా ప్రయాణమునకు కారణము. అచ్చటి ఎత్తైన మేడలను గుఱించి వ్రాయువారు చాలమంది కలరు గనుక వానిని వారికే విడిచిపెట్టుచున్నాను. నేను వ్రాయదలచినది కుళాయి నీటిని గుఱించి, ఆ నీటికై మూడు నెలల కొకసారి వచ్చు బిల్లును గుఱించి.

అక్కడికి పోయిన మొదటి వారములోనే మా అమ్మాయి కుళాయిక్రింద గ్లాసు పట్టి, ఆ నీళ్లు నేరుగా పిల్లవాని చేతి కిచ్చెను. కాచినవి గావు, వడగట్టినవి గావు. బిందె మూతికి గుడ్డ కట్టి వడబోయుట, కాచి చల్లార్చుట, ఈ కాలమున గోడకు తగిలించిన యంత్రముగుండ పోనిచ్చుట, ఇవన్నియు ఆచారములవలె పాటించిన దానను గనుక నాకు ప్రాణము నిలువలేదు.

"అదేమే, వట్టి కుళాయి నీళ్లు ఇస్తున్నావు?" అని యడిగితిని.

"ఈ ఊళ్లో అందరూ ఇవే తాగుతారమ్మా. ఊరివాళ్లు కూడా వీటిని వడగట్టరు" అని ఆమె చెప్పెను.

ఎనుబది లక్షలకు మించిన జనులుగల నగరము తన నీటిని వడగట్టదా? విచారింపగా ఆమె మాట నిజమే యయ్యెను. నగరమునకు వచ్చు నీటిలో పదింట తొమ్మిది పాళ్లు నూఱు మైళ్లకు పైబడిన దూరమునుండి, కాట్‌స్కిల్ కొండల వాగులలోను డెలావేరు నది తలయేరులలోను పుట్టి, సొరంగములగుండ దిగి వచ్చుచున్నవి. దినమునకు వంద కోట్ల గాలనులు. క్రిమినాశనమునకై క్లోరిను కలుపుదురు, నీలాతీత కిరణములు ప్రసరింపజేయుదురు. ఇసుక పడకలగుండ వడపోయు కార్ఖానా మాత్రము ఆ నీటికి లేదు. ఆ పనిని కొండలమీది నేలయే చేయుచున్నది. ఆ నేలలో చాలభాగము అడవి. లోయలలో వాగుల వెంబడి నున్నవి పాలరైతుల పచ్చికబయళ్లు. చెప్పవలసిన సంగతి యేమనగా, ఆ నీళ్లు త్రాగు నగరమునకు ఆ నేలలో సొంతమైనది కొంచెమే.

నీళ్ల బిల్లుమీద రెండే పద్దులుండును: నీటికింత, మురుగునకింత. మొదటి పద్దులో కొంత సొమ్ము కొండలమీది యావుల కొట్టములను బాగుచేయించుటకు పోవుచున్నదని మా అల్లుడు చెప్పగా, అత్తగారితో హాస్యమాడుచున్నాడనుకొంటిని. పిమ్మట గ్రంథాలయమునకు పోయి ఆ చరిత్రమంతయు చదివితిని. భూగోళము చెప్పిన నాకు నది ఎక్కడ పుట్టునో తెలియును గాని, నది పుట్టినచోట నున్నవానికి నదిని త్రాగువాడు జీతమిచ్చుట యెన్నడును వినలేదు.

నగరము కొండలవారితో మొదట వ్యవహరించిన తీరు ప్రశంసింపదగినది గాదు. 1905వ సంవత్సరమున రాష్ట్ర శాసనసభ నగరమునకు అక్కడి భూములను బలవంతముగా తీసికొను నధికార మిచ్చినది. అషోకన్ జలాశయముకొఱకు పల్లెలను లేపివేసిరి, ఇండ్లు పడగొట్టిరి, గోరీలను త్రవ్వి యస్థికలను వేఱొకచోట పాతిపెట్టిరి. సుమారు రెండువేలమంది ఊళ్లు విడిచిపోయిరి. 1960 దశకములో క్యానన్స్‌విల్ జలాశయము నిండునప్పుడును కథ యిదియే. మునిగిన యూళ్ల పేర్లు అషోకన్ చుట్టు రోడ్డుప్రక్క పలకలమీద నేటికిని కానవచ్చును. తాత చెప్పినది మనుమడు మఱవలేదు. ఇట్టి పగ మనకును తెలియనిది గాదు. ఏ పెద్ద ఆనకట్టక్రింది ముంపు గ్రామమువారి నడిగినను చెప్పుదురు.

ఇట్లుండగా 1989వ సంవత్సరమున అమెరికా కేంద్రప్రభుత్వపు పరిసర సంరక్షణశాఖవారు ఒక నిబంధన చేసిరి. నదులయు చెఱువులయు నీటిని వాడు నగరములు వడపోత కార్ఖానాలు కట్టవలెను. లేనిచో తమ నీటి పుట్టుచోటు నిర్మలముగా నుండునట్లు చూచుచున్నామని నిరూపింపవలెను. న్యూయార్కువారు లెక్క వేసికొనిరి. కార్ఖానా కట్టుటకు 600 కోట్ల డాలర్లకు తక్కువ గాదు; దానిని నడపుటకు ఏటేట మఱి 30 కోట్ల వఱకు కావలెను. ఆ భారమంతయు నీళ్ల బిల్లులోనే పడును. రెండవ మార్గమే చవుక యని తోచి, 1990వ సంవత్సరమున నగరమువారు కొండలప్రాంతమునకు క్రొత్త నిబంధనలు వ్రాసి ప్రకటించిరి. వాగున కింత దూరములో పశువులను తిరుగనీయరాదు, ఎరువు చల్లరాదు, ఇట్టివే. ఆ లోయలలో వాగు లేని పొల మెక్కడిది? రైతులు మండిపడిరి. మా తాతలను ముంచి, నేడు మమ్ములను ఎండబెట్టెదరా యని సభలలో నడిగిరి.

అధికారులు ఇట్టి సమయమున సామాన్యముగా చేయునది మనము ఎఱిగినదే. ఉత్తరువును బిగింతురు, లేదా మూలకు పడవేయుదురు. అప్పటి నగరజలశాఖాధ్యక్షుడు ఆల్బర్టు ఆపిల్టను ఆ రెండును చేయక రైతులతో గూర్చుండెను. నెలలు గడచెను. చివరకు కుదిరిన యొడంబడిక యిది: ప్రతి క్షేత్రమునకును ప్రత్యేకముగ నొక ప్రణాళిక యుండును. ఆ ప్రణాళికను విశ్వవిద్యాలయపు వ్యవసాయశాస్త్రజ్ఞులును, జిల్లా మృత్తికాసంరక్షణ సంఘమువారును, ఆ క్షేత్రపు రైతును కలసి వ్రాయుదురు. దాని ప్రకారము చేయు పనుల ఖర్చంతయు నగరము భరించును. చేరుటయు మానుటయు రైతు ఇష్టము. అయితే అయిదేండ్లలో నూటికి 85 మంది రైతులు చేరనిచో పాత నిబంధనలు మరల తలయెత్తును. ఈ సొమ్మును పంచి పని జరిపించుటకు 1993వ సంవత్సరమున నొక సంఘ మేర్పడెను. దాని కార్యవర్గమున రైతులే యధికసంఖ్యాకులు. నూటికి 85 మంది చేరుదురా యని సందేహించినవారు చాలమంది కలరు. గడువులోపలనే అంతకు మించి చేరిరి.

1997వ సంవత్సరము జనవరిలో నగరము, రాష్ట్రము, కేంద్రపు శాఖ, కొండల పట్టణములు, పరిసర సంరక్షణ సంఘములు కలసి పెద్ద యొప్పందముమీద సంతకములు చేసిరి. ఇకమీద నగరము అక్కడ భూమి కొనవలెనన్న అమ్మువాని యిష్టమువలననే కొనవలెను. కొన్న భూమికి అచ్చటి పంచాయతులకు పన్ను కట్టవలెను. ఊళ్ల మురుగునీటి పారుదలకు ధనమీయవలెను. మొత్తము ఖర్చు పదియేండ్లకు 150 కోట్ల డాలర్లని సుమారుగా చెప్పుదురు. కార్ఖానా ఖర్చుతో పోల్చి చూచుట గృహిణులకు నేను చెప్పవలసిన పని గాదు. వడపోత లేకుండ నీరిచ్చు ననుమతి 2017లో మరల పదియేండ్లకు దొరకినది.

చదివినదానిని కన్నులార చూడవలెనని కోరిక పుట్టి, ఒక వేసవిని అమ్మాయిని బలవంతపెట్టి ఆ కొండలకు పోయితిని. మేము పోయిన యూరి పేరు ఢిల్లీ! అక్షరములలో మన ఢిల్లీయే. అచ్చటివారు మాత్రము "డెల్ హై" యని పలుకుదురు. డెలావేరు నది పడమటి పాయ ఆ యూరిగుండ పాఱి క్యానన్స్‌విల్ జలాశయములో కలియుచున్నది. తెలిసినవారి ద్వారమున ఒక పాలరైతు దంపతులు తమ క్షేత్రము చూపుటకు సమ్మతించిరి. అరువదేండ్ల యా యిల్లాలు మోకాళ్లవఱకు రబ్బరుబూట్లు తొడిగికొని మమ్ములను కొట్టముచుట్టు త్రిప్పినది.

ఆమె మొదట చూపినది చూరు. కొట్టపు కప్పుమీద పడిన వాన పేడతో నిండిన దొడ్డిలోనికి జారకుండ చూరు పొడుగున రేకు దోనెలు బిగించి, ఆ నీటిని దూరముగా పచ్చికమీదికి విడిచినారు. ఇంత స్వల్పమైన పని! అంతకుముందు ప్రతివానకును పేడనీళ్లు వాగులోనికి పోవుచుండెనట. ఆ పేడలోని భాస్వరమువలన దిగువ జలాశయమున నాచు ప్రబలుచుండెను. తరువాత చూపినది లేగల యిల్లు. పెద్దపశువులకు దూరముగా, గాలి వెలుతురు వచ్చునట్లు, పొడినేలమీద కట్టినది. లేగలకు వచ్చు విరేచనములలో క్రిప్టోస్పోరిడియమను సూక్ష్మజీవి యుండును. దానికి క్లోరిను లెక్క లేదు. 1993వ సంవత్సరమున మిల్‌వాకీ నగరమున త్రాగునీటిలో అది ప్రవేశించి సుమారు నాలుగు లక్షలమందిని మంచము పట్టించినది. అందుచేత నూటయేబది మైళ్ల దూరమున నున్న నగరవాసి ఈ లేగల యారోగ్యమునకై ఖర్చు పెట్టుట తన పిల్లల యారోగ్యమునకు పెట్టుటయే యగుచున్నది. మా అమ్మాయి ఆ లేగలలో నొకదాని నుదురు నిమురుచు, "మన బుజ్జిగాడు తాగేది నీ దయేనన్న మాట" అన్నది.

వాగువెంట కంచె యున్నది. కంచెకును నీటికిని నడుమ ముప్పదియైదడుగులకు తగ్గకుండ చెట్లు పెంచినారు. పశువులు వాగు దాటుటకు చిన్న వంతెన కట్టినారు. త్రాగుటకు తొట్లు వేఱుగా పెట్టినారు. ఈ ఏటిగట్టు భాగమున రెండు ప్రభుత్వముల ధనము కలసియున్నది. 1998లో నగరమును కేంద్ర వ్యవసాయశాఖయు నొక యొప్పందము చేసికొనిరి. చెట్లు నాటుటకు, కంచెలు వేయుటకు అగు ఖర్చు నగరము సగము, కేంద్రము సగము. రైతు విడిచిపెట్టిన గట్టుభూమికి పదియో పదునైదో యేండ్లవఱకు ఏటేట కౌలును కేంద్రమే చెల్లించును. రైతు భాగమేమనగా ఆ నేల, దానిని కాపాడు శ్రమ.

"మొదట వచ్చిన ఆఫీసరు పుస్తకం పట్టుకుని వచ్చాడు. మా ఆయన అతణ్ని గేటు దగ్గర్నుంచే పంపించేశాడు. రెండోసారి వచ్చిన అబ్బాయి బూట్లు వేసుకుని వచ్చాడు. ముందు పేడ ఎత్తాడు, తర్వాత మాట్లాడాడు" అని యా యిల్లాలు చెప్పెను.

ఆమె సర్వము సుఖమని చెప్పలేదు. ఎదుటి గుట్టక్రింద మఱియొక కొట్టమును చూపెను. అదియు నగరము సొమ్ముతో బాగుపడినదే. దానిలో ఇప్పుడు ఆవులు లేవు. పాలధర గిట్టక ఆ కుటుంబము మందను అమ్మివేసినది. కొట్టము బాగుచేయువారు చాలమంది వచ్చిరి గాని పాలధర బాగుచేయువా డొకడును రాలేదని ఆమె నవ్వుచు చెప్పినను, ఆ నవ్వులో నాకు సంతోషము కనబడలేదు. ఈ యేర్పాటునందలి పెద్ద లోపము అదియే యని నా యభిప్రాయము. రైతు నిలిచియుండునన్న నమ్మకముమీద ఇది యంతయు కట్టబడినది. రైతు నిలుచుట మాత్రము ఒప్పందములో చేరని సంతచేతిలో నున్నది. ఆవులు పోయి ఆ పచ్చికలో విలాసగృహములు లేచినచో వాగునకు మేలగునా?

రైతునకు ధనమిచ్చి నేలను కాపాడించుట ఆ దేశమున క్రొత్త గాదు. 1930 దశకమున మధ్యమైదానములు ఎండి, దుక్కినేల ధూళియై లేచి, వందలకొలది మైళ్లు ఎగిరిపోయినది. 1935 వసంతమున ఆ ధూళి రాజధానివఱకు వచ్చుచున్న దినములలోనే హ్యూ బెన్నెట్టను మృత్తికాశాస్త్రజ్ఞుడు శాసనసభ్యులను ఒప్పించి మృత్తికాసంరక్షణ శాసనము చేయించెను. ఆ నేల యంతయు సొంతదారులది; పోలీసులను పెట్టి కొండవాలున అడ్డదున్నుడు దున్నించుట సాధ్యము గాదు. అందుచేత జిల్లాకొక సంఘము, ఆ సంఘములో స్థానిక రైతులు, ఖర్చులో ప్రభుత్వపు పాలు అను పద్ధతి యేర్పడెను. 1996లో వచ్చిన పథకమున పని ఖర్చులో ముప్పాతికవఱకు కేంద్ర మిచ్చును, మిగిలినది రైతుది. 2014 వ్యవసాయశాసనమున మఱియొక మెట్టు ఎక్కిరి. నగరముల జలశాఖలు, వర్తకసంఘములు, ధర్మసంస్థలు తమ ధనము తెచ్చినచో కేంద్రము తన ధనము దానికి జతచేయును. అందఱును కలసి ఒక నదీప్రాంతమున రైతులతో ఒప్పందములు చేసికొందురు. కొండలలో రైతులు పోరాడి సంపాదించిన పద్ధతికి ఇది దేశవ్యాప్తమైన రూపమని చెప్పవచ్చును.

పశువులను వేలయెకరములలో మేపు పడమటివారు మఱియొక చమత్కారము చేసినారు. అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రముల సరిహద్దున మాల్పై అను ప్రాంతపు పశుపోషకులు 1994లో సంఘముగా నేర్పడి "గడ్డి బ్యాంకు" పెట్టిరి. కఱవువచ్చి ఒకని బీడు ఎండినప్పుడు, అతని మంద పొరుగున నున్న విశాలమైన గ్రే రాంచిలో మేయును. అతని బీడు కోలుకొనును. ఆ గడ్డి వెలకు బదులుగా అతడు తన భూమిని ఎన్నటికిని ముక్కలుచేసి ఇండ్లస్థలములుగా అమ్మనని పత్రము వ్రాసియిచ్చును. ఇక్కడ చేతులు మాఱినది రూపాయి గాదు, గడ్డి! ఈ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే జ్ఞప్తికి వచ్చినవి మా గండిపేటకు ఎగువ నున్న పొలములలో పాతిన సున్నపురాళ్లు.

1908వ సంవత్సరపు మూసీ వరదకు పిమ్మట కట్టిన జలాశయములు రెండు: 1920లో మూసీమీద ఉస్మాన్‌సాగరము, అనగా మన గండిపేట, 1927లో ఈసీమీద హిమాయత్‌సాగరము. 1996వ సంవత్సరము మార్చి 8వ తేదిని అప్పటి ప్రభుత్వము 111వ సంఖ్యగల యుత్తరువు నిచ్చి, ఆ జలాశయములకు పది కిలోమీటర్లలోపల నున్న 84 గ్రామములలో కాలుష్యకరమైన పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాసకాలనీలను నిషేధించెను. ఉద్దేశము మంచిది. 2000లో సుప్రీముకోర్టువారు కూడ ఒక నూనెల కర్మాగారము విషయమున నీటిపక్షమే వహించిరి. న్యూయార్కువారు 1997లో ఆ పెద్ద యొప్పందము వ్రాసికొన్నదానికి పదినెలల ముందే మనవారు ఈ మేలుకొలుపు చేసిరన్న మాట. కాని ఆ యుత్తరువులో "చేయరాదు" అన్న మాటలే యున్నవి. చేయకుండ నున్న రైతునకు నీళ్లు త్రాగు పట్టణ మేమి యిచ్చునో దానిలో లేదు. పేడను ఎక్కడ నిలువచేయవలెను, వాగుగట్టున ఏ చెట్టు నాటవలెను, దానికి ధన మెవరిది, ఇవియు లేవు. ఫలితమేమి? నియమము పాటించిన చిన్నరైతు భూమి విలువ పెరుగక కూర్చుండెను. బలముగలవారి తోటబంగళాలు, విందుమందిరములు, కళాశాలలు ఉత్తరువు కన్నులముందే వెలసెను. ఆ గ్రామములవారు ఏండ్లతరబడి రద్దు కోరిరి. 2022 ఏప్రిలులో ప్రభుత్వము నిషేధములను తొలగించుచు మఱియొక యుత్తరువు నిచ్చెను. వివాదము న్యాయస్థానముల కెక్కినది. ఈ నడుమ పట్టణము మంజీరానుండియు కృష్ణా గోదావరులనుండియు గొట్టములతో నీళ్లు తెచ్చుకొనుచున్నది.

ఇరుపక్షములవారు పంచుకొను పద్ధతి మనకు పరాయిదని యెవరైన ననుకొందురేమో. రాయలసీమలో దశబంధమను నేర్పాటుండెడిది. చెఱువు కట్టించినవానికి, గండిపడినప్పుడు పూడ్పించువానికి శిస్తులో పదవపాలు మినహాయింపు. పని చేసినంతకాలమే ఆ మినహాయింపు. 2015లో తెలంగాణమున చెఱువుల పూడికతీత జరిగినప్పుడు, ప్రభుత్వము పూడిక త్రవ్వించినది, రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లమీద ఆ యొండ్రుమట్టిని పొలములకు తోలుకొనిరి. ఎవరును వారిని బలవంతపెట్టలేదు. తమ మడి కెంత మేలో వారికి తెలియును.

ఇక్కడ సంస్కారపరులు కొందఱు ఒక యాక్షేపము చేయుదురు. తన నేలను పాడుచేయకుండుటకు రైతునకు సొమ్మిచ్చుట లంచమిచ్చుట గాదా? నేనును దీనిని గుఱించి ఆలోచించితిని. విషపునీటిని వాగులో విడుచువానికి దమ్మిడీ యీయనక్కఱలేదు. అతనికి శిక్షయే తగును. ఏటిగట్టున ముప్పదియైదడుగుల పంటభూమిని విడిచిపెట్టుమని అడుగుట వేఱు. ఆ గట్టున పండు టమాటలు అతని యింటి వెచ్చములు. అవి మానుకొనుటవలన లాభపడువారము మనము. ఇతరుల నష్టముమీద మన కడవ నింపుకొని దానికి ధర్మమని పేరు పెట్టుట సంస్కారము గాదు. అంతకన్న, మన మిప్పుడు ఖర్చు పెట్టుట లేదా? ఇంటింట శుద్ధియంత్రము, దాని వడపోతగొట్టము ఏటేట మార్చుట, వేసవిలో ట్యాంకరు, చుట్టములు వచ్చిన నీళ్ల డబ్బాలు. నది పుట్టుచోట పెట్టవలసిన సొమ్మును మనము వంటగదిలో పెట్టుచున్నాము. అది యంత్రములమ్మువానికి చేరును, వాగునకు చేరదు.

నేను తిరిగి వచ్చిన పిమ్మట, ఆ 84 గ్రామములలో నొకదానియందు వ్యవసాయము చేయుచున్న మా పినతల్లి కుమారునితో ఈ సంగతులన్నియు ముచ్చటించితిని. ఈసీలో కలియు నొక వాగుప్రక్క అతనికి మూడెకరము లున్నవి. పూలు, కూరగాయలు పండించును. నేను లెక్కకూడ వేసి చూపితిని. లక్ష యిండ్లవారు నీళ్ల బిల్లుతో నెలకు పదేసి రూపాయలు కట్టినచో ఏటికి 1 కోటి 20 లక్షలగును. ఎకరమునకు ఏటికి 20 వేలు కౌలిచ్చినను 600 ఎకరముల ఏటిగట్టును కాపాడవచ్చును.

అతడు కాగితమును చాలసేపు చూచెను. "అక్కా, లెక్క మంచిగనే ఉన్నది. గని ఎకరం కోట్లల్ల పలుకుతుంటే నీ ఇరవై వేల కౌలు ఎవనికి పనికొస్తది? ఇరవై అయిదేండ్ల కింద అడిగితే మా నాయన దండం పెట్టి తీసుకుంటుండె" అన్నాడు.

ఈ మాటకు నాయొద్ద జవాబు లేదు. అమ్మదలచుకొన్నవానిని ఆ కౌలు ఆపలేదు. అమ్మదలచుకొననివా డింకను కొందఱున్నారు గదా, వారి సంగతి చెప్పుమంటిని.

"నేను అమ్మ. పిల్లలు ఏమంటరో తెల్వదు. సరే, గట్టు మీద చెట్లు పెడత అనుకో. పదేండ్లు అయినంక ఆ చెట్లు ఎవరియి?"

"నీవే" అంటిని. గడువు తీరిన పిమ్మట మరల వ్రాసికొనుటయో మానుటయో రైతు చిత్తమనియు, అక్కడ ఏటేట ఒకడు వచ్చి రైతుతో కలసి పొలము చూచి ప్రణాళికను సవరించుననియు చెప్పితిని.

అతడు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "చెట్లు పెరిగినంక, ఇది అడవి లెక్క ఉన్నది, దీన్ని ముట్టొద్దని సర్కారు మళ్ల ఇంకో జీవో తీయదు గద?" అని యడిగెను.

నాలుగేండ్లు గ్రంథాలయములో చదివినదానిలో ఇంత సూటియైన ప్రశ్న నాకు తగులలేదు. కాట్‌స్కిల్ రైతు లడిగినదియు ఇదియే యైయుండును. అందుచేతనే 1997 యొప్పందములో నగరము బలవంతపు సేకరణ చేయనని వ్రాసి సంతకము చేసినది. ఆ భాగము తెలుగులో కావలెనని మా తమ్ముడు కోరెను. నాలుగు పుటలలో వ్రాసి పంపితిని. వాగునకు ఎగువ నున్న పొలములవా రిద్దఱు ఇంకను అమ్ముకొనలేదట. ఆదివారమున వారింటికి పోయి చదివి వినిపించెదనని చెప్పినాడు.